కొండ నీళ్లు: తేటగా ఉన్నా తంటా తప్పదు

ప్రశ్న: కొండవాగు నీళ్లు ఏడాదిలో చాలా నెలలు అద్దంలా ఉంటాయి. క్లోరిన్ కలిపి ఊళ్లోకి వదిలేస్తే చాలదా?

జవాబు: చాలదు. కొండ మీద మనుషులు లేకపోయినా జంతువులుంటాయి. వాటి పేడలోంచి జియార్డియా, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవులు వాగులోకి దిగుతాయి. జియార్డియా క్లోరిన్‌కు చస్తుంది గానీ నీళ్లు 10 డిగ్రీలు చల్లబడితే అందుకు పట్టే సమయం దాదాపు రెట్టింపవుతుంది. క్రిప్టో అయితే మామూలు మోతాదును లెక్కే చెయ్యదు. దానికి వడపోతో, యూవీ (అతినీలలోహిత కాంతి) దీపాలో ఉండాల్సిందే. న్యూయార్క్ నగరం క్యాట్స్‌కిల్, డెలావేర్ పరీవాహక ప్రాంతాల నుంచి వచ్చే నీళ్లను ఇప్పటికీ వడకట్టదు. 2013 నుంచి యూవీ కింద పంపిస్తోంది. పరీవాహక ప్రాంతానికి అంత కాపలా కాయగల ఊరికే ఆ దారి. యూవీ ప్రభావం పైపుల్లో నిలవదు కాబట్టి క్లోరిన్ ఎలాగూ కలపాలి.

ప్రశ్న: వానలకు వాగు ఎర్రబడితే నీటిశుద్ధి ప్లాంటులో పటిక ఎంత పెంచినా మడ్డి దిగడం లేదు. ఎందుకు?

జవాబు: లోపం పటికలో లేదు, క్షారతలో, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీళ్ల శక్తిలో ఉంది. గట్టి రాతి మీదుగా జారివచ్చే నీళ్లలో లీటరుకు 15 మిల్లీగ్రాముల క్షారత ఉందనుకుందాం. ఒక్కో మిల్లీగ్రాము పటిక అర మిల్లీగ్రాము క్షారతను తినేస్తుంది. 40 వేస్తే 20 కావాలి, ఉన్నదేమో 15. పీహెచ్ (ఆమ్లత కొలత; తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) 5 దరిదాపులకు పడిపోతుంది. మడ్డిని పట్టుకుని గడ్డకట్టాల్సిన పటికలోని అల్యూమినియం కరిగిపోయి ఫిల్టరు దాటేస్తుంది. మడ్డి దిగలేదని ఆపరేటరు మరింత పటిక వేస్తాడు. కొంప మునిగేది అక్కడే!

ముందు సున్నం, తర్వాత పటిక. పై లెక్కలో లోటు పూడి, ఇంకో 10 క్షారత మిగలాలంటే లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల హైడ్రేటెడ్ సున్నం పడుతుంది. జార్ టెస్ట్‌తో సరిచూసుకోండి: ఆరు బీకర్లలో లీటరు చొప్పున వాగునీళ్లు, అన్నిట్లో ఒకే పటిక, సున్నం మాత్రం తక్కువ నుంచి ఎక్కువకు. వేగంగా ఒక నిమిషం, నెమ్మదిగా 20 నిమిషాలు తిప్పి అరగంట కదపకుండా ఉంచండి. గసగసాలంత రేణువులు కట్టి, వాటి మధ్య నీళ్లు తేటగా కనిపించే బీకరే మీ మోతాదు. గదిలో వెచ్చబడ్డ నీళ్లతో చేస్తే ఫలితం మోసం చేస్తుంది. వాగు చల్లదనం ఉండగానే చెయ్యాలి. వడకట్టాక పీహెచ్‌ను మళ్లీ 8 దాకా లేపకపోతే ఖనిజాలు తక్కువున్న ఈ మెత్తని నీళ్లు పైపుల్లోని ఇనుము, రాగి, సీసం లోహాలను కొరికేస్తాయి.

ప్రశ్న: చలికాలంలో కుళాయి నీళ్లు పాలలా వస్తున్నాయి. తాగొచ్చా?

జవాబు: గాజుగ్లాసులో పట్టి కదపకుండా చూడండి. అడుగు నుంచి పైకి తేటపడుతుంటే అవి గాలి బుడగలే, నిశ్చింతగా తాగండి. పైనుంచి తేటపడి అడుగున తెల్లగా పేరుకుంటే మాత్రం తాగకుండా ప్లాంటువాళ్లకు కబురు పెట్టండి.