ఫైళ్లు పోయాయి సరే, ఆ సందేశం భద్రంగా ఉందా?

ప్రశ్న: మా ఇంటి కంప్యూటర్‌ను విండోస్ 10 నుంచి విండోస్ 11కు మార్చమని ఒక సర్వీసు కేంద్రానికి ఇచ్చాను. తిరిగి తెచ్చుకుని చూస్తే చనిపోయిన నాన్నగారి ఫొటోలు, పన్నెండేళ్ల నా రాతలు ఏవీ లేవు. పని మొదలుపెట్టే ముందు ‘మీ ఫైళ్లు ఎక్కడివి అక్కడే ఉంటాయి’ అని ఫోనులో సందేశం పంపారు. ఇప్పుడేమో ‘డేటాకు మా బాధ్యత లేదు’ అని రసీదు వెనక ఉన్న అచ్చు చూపిస్తున్నారు. ఇరవై నెలలుగా తిప్పుతున్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ మీదే కేసు వేయాలని ఉంది. ఈలోగా మిత్రుడొకరు డిస్కును ఫార్మాట్ చేసి ఫైళ్ల కోసం వెదుకుతానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా మీ మిత్రుణ్ని ఆపండి. కంప్యూటర్ స్విచ్ తీసేసి పక్కన పెట్టండి. చెరిగిన ఫైళ్లున్న చోట కొత్త సమాచారం పడితే పాతది ఇక రాదు. ఎస్‌ఎస్‌డీ (చిప్‌లతో పనిచేసే కొత్త రకం డిస్కు) అయితే చెరిపిన భాగాన్ని అది తనంతట తానే ఖాళీ చేసుకుంటుంది. అంతకంటే ముఖ్యం, ఫార్మాట్ చేసిన క్షణంలో మీ సాక్ష్యం పోతుంది. ‘ఫైళ్లు పోగొట్టింది ఆ మిత్రుడే’ అని ఎదుటి న్యాయవాది అంటే మీ దగ్గర జవాబు ఉండదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీని వదిలేయండి. మీ కేసు ఒక్క ప్రశ్న మీద తేలుతుంది: వారు అప్‌గ్రేడ్ చేశారా, డిస్కును తుడిచి కొత్తగా ఎక్కించారా? పాత విండోస్ మీద సరిగ్గా అప్‌గ్రేడ్ చేస్తే, ఫైళ్లూ యాప్‌లూ ఉంచాలా, ఫైళ్లే ఉంచాలా, ఏదీ వద్దా అని అది ముందే అడుగుతుంది. పాత వ్యవస్థ ‘విండోస్ డాట్ ఓల్డ్’ అనే ఫోల్డరులో ఉంటుంది. మామూలుగా పది రోజుల దాకా వెనక్కి వెళ్లవచ్చు. మీ కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేకపోతే అధికారిక అప్‌గ్రేడ్ ఒప్పుకోదు. అలాంటప్పుడు ఆ సంగతి మీకు చెప్పకుండా అంతా తుడిచి ఎక్కించి ఉంటే అది స్పష్టమైన సేవాలోపం. డిస్కు విభజనలు, స్థాపన తేదీ, అందులో మిగిలిన లాగ్‌లు (కంప్యూటర్ తన పనులను తానే రాసుకునే నమోదులు) చూసి నిపుణుడు దీని మీద అభిప్రాయం ఇవ్వగలరు. ఆ అభిప్రాయం అఫిడవిట్‌గా కావాలి.

అచ్చు వాక్యానికి భయపడనక్కర లేదు. పని అయ్యాక చేతికిచ్చిన రసీదు అయితే, దాన్ని మీరు ముందే ఒప్పుకున్నారని చూపడం వారికి కష్టం. ముందే సంతకం పెట్టి ఉంటే మాత్రం ఆ సందేశమే మీకు ఆధారం. ఫోను మార్చకండి, సంభాషణ తొలగించకండి. స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోవద్దు. భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధ్రువపత్రం జతచేయండి. మీరు ఫిర్యాదు చేయబోయే వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్య నిబంధనలు కోర్టులో ఉన్నంత కఠినంగా ఉండవు, అయినా ఎదుటివారికి సందు ఇవ్వవద్దు. సొమ్ము చెల్లించిన రుజువు కూడా వెదకండి. ఉచితంగా చేసిన పని వినియోగదారుల చట్టంలో ‘సేవ’ కాదు.

ఇక మందలించక తప్పదు. పన్నెండేళ్ల రాతలకు రెండో నకలు లేకుండా కంప్యూటర్‌ను అపరిచితుల చేతికి ఎలా ఇచ్చారు? ఇచ్చాక ఇరవై నెలలు ‘రేపు’ అన్న మాట నమ్మి ఎలా కూర్చున్నారు? వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ మీకు ఇచ్చింది రెండేళ్లు. ఫైళ్లు లేవని మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. వారి నోటి మాటలు గాని, మీ లాయరు నోటీసు గాని, వినియోగదారుల 1915 హెల్ప్‌లైనుకు చేసిన ఫిర్యాదు గాని ఆ గడువును పెంచవు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు, కానీ ‘బతిమాలుతూ ఉన్నాను’ అనేది కారణంగా నిలుస్తుందని నేను భరోసా ఇవ్వలేను.

మీకు మిగిలింది నాలుగు నెలలే. ఈ వారంలో రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజుల గడువివ్వండి. ఆ లోపు నిపుణుడి అభిప్రాయం తెప్పించుకోండి. జవాబు వచ్చినా రాకున్నా మీరు నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతి ద్వారా ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. చెల్లించిన సొమ్ము, డేటాను రాబట్టే ప్రయత్నానికి అయిన ఖర్చు, పరిహారం విడివిడిగా కోరండి. నాన్నగారి ఫొటోలను తెచ్చి ఇవ్వడం కమిషన్ వల్ల కాదు. వాటి కోసం, నిపుణుడు ముందుగా డిస్కు నకలు తీసి, అసలును ముట్టకుండా ఆ నకలు మీదే వెదకాలని రాతపూర్వకంగా చెప్పండి.