ఒక్క రోజులో మూడు ఊళ్లు వద్దమ్మా

ప్రశ్న: మేడమ్ గారూ, మాది చీమకుర్తి. మావారు ఇరవై ఎనిమిదేళ్లు గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ దగ్గర పనిచేసి ఈమధ్యే మానేశారు. మా అబ్బాయి ఇటలీలో, ఫ్లోరెన్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరులో మమ్మల్ని రమ్మంటున్నాడు. తనకి సెలవు దొరకని రోజున మా ఇద్దరికీ కారూ గైడూ మాట్లాడి పీసా, శాన్ జిమినియానో, సియెనా మూడూ ఒకే రోజులో చూపించే ప్రైవేట్ టూర్ బుక్ చేస్తానంటున్నాడు. డబ్బు బాగానే అవుతుందట. మావారికి మోకాళ్ల నొప్పులు. భాష రాదని నాకు ఒకటే టెన్షన్. వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, చీమకుర్తి

జవాబు: వెళ్లండమ్మా, తప్పకుండా వెళ్లండి. కాకపోతే ఆ మూడింట్లోంచి పీసాని తీసేయమని మీ అబ్బాయికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి.

లెక్క వేసి చూడండి. ఫ్లోరెన్స్ నుంచి పీసాకి కారులో గంటా పావు. అక్కణ్ణించి శాన్ జిమినియానోకి మళ్లీ అంతే, ఇంకాస్త ఎక్కువే కావచ్చు. అక్కణ్ణించి సియెనాకి ముప్పావుగంట పైన. తిరుగు ప్రయాణం గంటా పావు. పది గంటల టూర్ అయితే నాలుగున్నర గంటలు సీట్లోనే గడిచిపోతాయి. భోజనం, కారు దిగి ఊళ్లోకి నడవడం తీసేస్తే ఒక్కో ఊరికి మిగిలేది గంట, గంటన్నర. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది చూడటం కాదు, పరుగు.

ఇది నాకు జరిగిందే కాబట్టి చెబుతున్నాను. మూడేళ్ల కిందట మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఇలాగే మూడు ఊళ్ల టూర్ తీసుకున్నాం. ‘కారు, గైడు’ అని రాసి ఉంది. వచ్చింది డ్రైవర్ ఒక్కడే. మంచి పిల్లవాడు, దారి పొడుగునా ఇంగ్లీషులో కబుర్లు చెప్పాడు. సియెనా ఊరి బయట కారు ఆపి, పైన కనిపించే గోపురం చూపించి, నాలుగున్నరకి ఇక్కడికే రండి అన్నాడు. ఇటలీలో గైడ్‌గా పనిచేయాలంటే లైసెన్సు ఉండాలి. డ్రైవర్‌గా వచ్చినవాడు చర్చి లోపలికి వచ్చి వివరించకూడదు. ఆ సంగతి మాకు ముందు ఎవరూ చెప్పలేదు. టికెట్లు కూడా మేమే కొనుక్కోవాలి. క్యూలో నిలబడి లోపలికి వెళ్లేసరికి మాకు మిగిలింది ఇరవై నిమిషాలు. ఒంగోలులో ముప్పై ఏళ్లు పిల్లలకి సోషల్ చెప్పినదాన్ని, ఎదురుగా ఉన్నదేమిటో చెప్పేవాళ్లు లేక వెనక్కి వచ్చేశాను. ఆ బాధ ఇంకా పోలేదు.

కాబట్టి మీ అబ్బాయి డబ్బు కట్టేముందు ఆ టూర్ వాళ్లని రాతపూర్వకంగా అడగాలి: వచ్చేది లైసెన్సు ఉన్న గైడా, లేక ఇంగ్లీషు వచ్చిన డ్రైవరా? గైడ్ మనతోపాటు కారులో వస్తారా, ఆ ఊళ్లో కలుస్తారా? సియెనా చర్చి టికెట్లు ఆ ధరలోనే ఉన్నాయా? పది గంటలంటే ఇంటి దగ్గర ఎక్కినప్పటి నుంచా? కారు ఎక్కడ ఆగుతుంది? ఈ చివరిది మీకు ముఖ్యం. అక్కడి పాత ఊళ్లలోకి బయటి కార్లని రానివ్వరు. సియెనా అయితే 1960లలోనే నడిబొడ్డున కార్లు ఆపేసింది. మూడు గుట్టల మీద కట్టిన ఊరు, సందులన్నీ ఎత్తుపల్లాలే. అయితే కింది పార్కింగ్ నుంచి పైకి ఎస్కలేటర్లు ఉన్నాయి. మావారికి మోకాళ్ల నొప్పి, ఎస్కలేటర్ ఉన్న వైపే దింపండి అని ముందే చెప్పించండి.

పీసా చూడాలని ఉంటే ఇంకో రోజు రైల్లో వెళ్లిరండి. ఫ్లోరెన్స్ నుంచి గంట ప్రయాణం, పూటలో అయిపోతుంది. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు స్టేషన్‌లో మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే ఫైన్ పడుతుంది. అక్కడి ఒరిగిన టవర్ పైకి రెండొందల యాభైకి పైగా మెట్లు, మీవారు ఎక్కొద్దు. కింద నిలబడి చూసినా ఆ కథ తెలిస్తే చాలు. 1173లో మొదలుపెట్టారు. మూడో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి ఒరగడం మొదలైంది. కింద మెత్తటి బంకమట్టి. నల్లరేగడిలో ఇల్లు కట్టుకున్న మనవాళ్లకి ఆ కష్టం ఎలాంటిదో తెలుసు. యుద్ధాల వల్ల పని వందేళ్ల దాకా ఆగిపోయింది. ఆ ఆగడమే టవర్‌ని కాపాడింది, బరువుకి మట్టి మెల్లగా బిగుసుకుంది. 1990లో జనాన్ని ఆపేసి, ఎత్తుగా ఉన్న వైపు కింద నుంచి కొంచెం కొంచెంగా మట్టి తోడి, ఒరుగుని ఐదున్నర డిగ్రీల నుంచి నాలుగు డిగ్రీలకి తెచ్చి 2001లో మళ్లీ తెరిచారు.

శాన్ జిమినియానోకి మాత్రం రైలు లేదు, అందుకే కారు దానికి పనికొస్తుంది. ఒకప్పుడు డబ్బున్న కుటుంబాలు నీకంటే నేను ఎత్తు అని పంతాలకి పోయి డెబ్బై రెండు రాతి బురుజులు కట్టాయట. ఇప్పుడు పద్నాలుగు దాకా మిగిలాయి. గంటన్నర చాలు.

మిగతా రోజంతా సియెనాకి ఇవ్వండి. మీరు సెప్టెంబరు అని రాసినప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ పెద్ద చర్చి నేల మొత్తం రాతి బొమ్మలే. 14వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా తరాల తరబడి చేసిన యాభై ఆరు చిత్రాలు. కొన్నిచోట్ల తెల్లరాయిని చెక్కి ఆ గీతల్లో నల్లటి పదార్థం నింపారు, కొన్నిచోట్ల రంగు రంగుల రాళ్లని ఆకారానికి కోసి పక్కపక్కన అతికారు. అరిగిపోకుండా ఏడాదిలో ఎక్కువ రోజులు చాలా భాగం కప్పేసి ఉంచుతారు, మామూలుగా ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మొత్తం తెరుస్తారు. వెళ్లే ముందు ఆ ఏడాది తేదీలు మీ అబ్బాయిని చూడమనండి. అమ్మా, ఇరవై ఎనిమిదేళ్లు రాయి మీద చెయ్యి పెట్టిన మనిషి ఆ నేల దగ్గర నిలబడితే నాకూ మీకూ కనిపించనివి కనిపిస్తాయి. ఏ రాయి మెత్తన, ఏది గట్టి, జాయింట్ ఎక్కడ పడింది, ఇవన్నీ ఆయనకి తెలుస్తాయి. గోడలు, స్తంభాలు కూడా చారలు చారలుగా ఉంటాయి, ఒక వరస తెల్ల పాలరాయి, ఒక వరస నల్లగా కనిపించే ముదురాకుపచ్చ రాయి.

ప్రైవేట్ గైడ్‌కి డబ్బు పెట్టేది దీనికోసమే. నలభై మంది గుంపులో అయితే గైడ్ అందరికీ ఒకే పాఠం చెబుతాడు. మీ ఇద్దరికే అయితే, ‘మా నాన్న గ్రానైట్ పనిచేసిన మనిషి, రాజుల పేర్లు తగ్గించి రాతి పని ఎక్కువ చూపించండి’ అని మీ అబ్బాయి ముందే మెయిల్ పెట్టొచ్చు. భాష గురించి భయపడకండి. చెప్పిన నాలుగు ముక్కలూ ఫోన్లో రికార్డ్ చేసుకుని రాత్రి మీ అబ్బాయితో తెలుగులో చెప్పించుకోండి. చర్చిలోకి వెళ్లడానికి భుజాలూ మోకాళ్లూ కప్పి ఉంటే చాలు, చీరతో ఏ ఇబ్బందీ లేదు.

చర్చి పక్కనే సగంలో ఆగిపోయిన పెద్ద గోడ ఉంటుంది. ఉన్న చర్చి చాలదని 1339లో ఇంకా పెద్దది మొదలుపెట్టారు. 1348లో ప్లేగు వచ్చి ఊళ్లో చాలామంది పోయారు, పని అలాగే నిలిచిపోయింది. నేను ఎక్కువసేపు చూసింది ఆ గోడనే, దానికి టికెట్ అక్కర్లేదు కాబట్టి.

చివరగా కాంపో అనే మైదానంలో అరగంట కూర్చోండి. ఎర్ర ఇటుకల నేల, గవ్వలాగా మధ్యకి వాలుగా, తొమ్మిది భాగాలుగా ఉంటుంది, ఆ ఊరిని అప్పట్లో ఏలిన తొమ్మిదిమంది సభకి గుర్తు. జూలై 2న, ఆగస్టు 16న దాని చుట్టూ గుర్రప్పందెం జరుగుతుంది. ఊళ్లో పదిహేడు పేటలు, ఒక్కో పందెంలో పది పేటల గుర్రాలు. పందేనికి ముందు గుర్రాన్ని చర్చిలోకి తీసుకెళ్లి దీవెన ఇప్పిస్తారు. రౌతు కింద పడిపోయినా గుర్రం ముందొస్తే గెలిచినట్టే. బండలాగుడు పోటీలకి ముందు ఒంగోలు గిత్తకి పసుపూ కుంకుమా పెట్టే ఊరివాళ్లం, మనకి అది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఇటలీలో శాకాహారులకి భోజనం దొరుకుతుందా? – ఒక పాఠకుడు, కావలి

జవాబు: దొరుకుతుందండీ. సియెనా వైపు పీచీ అని చేత్తో పేనిన లావు సేమ్యాలాంటిది చేస్తారు, వెల్లుల్లి టమాటా సాస్‌తో అడగండి. మాంసం సాస్ వద్దని స్పష్టంగా చెప్పాలి. ఆ ప్రాంతం రొట్టెలో ఉప్పు వేయరు, అక్కడి ఆనవాయితీ అది. మేం తీసుకెళ్లిన గోంగూర పచ్చడి దానికి బాగా కుదిరింది. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా హోటళ్లలో వంట ఆపేస్తారు, మళ్లీ రాత్రి ఏడింటికే. బిల్లులో ‘కోపెర్తో’ అని కనిపిస్తే మోసం కాదు, కూర్చున్నందుకు మనిషికింత అని వేస్తారు.

ప్రశ్న: మేడమ్, ఇటలీకీ మన నెల్లూరుకీ పాత సంబంధం ఏమైనా ఉందా? – డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: ఉంది నాయనా. 1780లలో నెల్లూరు దగ్గర ఒక గుట్ట పక్కన రైతు దున్నుతుంటే నాగలి ఇటుకలకి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ, అందులో రోమన్ బంగారు నాణేలు. పాపం అతను పాత బంగారంగా అమ్మేశాడు, చాలావాటిని కరిగించేశారు. ముప్పైకి పైగా ఆర్కాటు నవాబు కొడుకు చేతికి వచ్చాయి. మద్రాసు గవర్నర్‌గా ఉండగా వాటిని చూసిన డేవిడ్‌సన్, పదవి దిగాక 1787లో ఉత్తరం రాశాడు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల నాణేలు ఉన్నాయనీ, కొన్ని నిన్ననే ముద్ర వేసినంత కొత్తగా ఉన్నాయనీ, కొన్నిటికి చిల్లులు ఉన్నాయి కాబట్టి ఒంటి మీద నగలుగా పెట్టుకుని ఉంటారనీ అందులో ఉంది.

ఆ హేడ్రియన్ కాలంలో పూర్తయిన పాంథియన్ గుడి రోమ్‌లో ఇప్పటికీ నిలబడి ఉంది. ముందు మండపంలో పదహారు స్తంభాలు, ఒక్కొక్కటీ దాదాపు పన్నెండు మీటర్ల ఏకశిల. చీమకుర్తి అమ్మా, ఇది మీకు కూడా. ఆ స్తంభాలు పాలరాయి కావు. ఈజిప్టు క్వారీల్లో తీసి, నది మీదా సముద్రం మీదా పడవల్లో తెచ్చిన గ్రానైట్. రోమ్ వెళితే మీవారిని వాటి దగ్గర కాసేపు నిలబడనివ్వండి.