బందరు కోటకి వెళ్తున్నావు కదా, ఇది చదివి బయల్దేరు

చిన్నా,

శని, ఆదివారాలు బందరు కోట చూసొస్తామన్నావు. మంచిదే, కానీ గోల్కొండలో చప్పట్లు కొట్టి ప్రతిధ్వని విన్నట్టు అక్కడా ఏదో ఉంటుందనుకుని వెళ్తే మాత్రం పది నిమిషాల్లో విసుగొచ్చి మంగినపూడి బీచ్‌కి పోతారు మీరు. ఉన్నది పాత ఆయుధాగారం, కొన్ని మొండి గోడలు, చుట్టూ పిచ్చిమొక్కలు, అంతే.

ఆ గోల్కొండకే రేవు బందరు. కుతుబ్‌షాహీల కాలంలో, 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చి అక్కడ గిడ్డంగులు పెట్టుకున్నారు, మన నూలుబట్టల కోసం, అద్దకాల కోసం. పెద్ద ఓడలు ఒడ్డుదాకా రాలేవు, లోతు చాలదు. అవి దూరంగా లంగరేసుకుంటే సరుకు మూటలన్నీ చిన్న పడవల్లోనే, ఉప్పుటేరు మీదుగా అటూ ఇటూ చేర్చాలి. అందుకని కోట దగ్గర దిగగానే ఉప్పుటేరు ఎటు పోతోందో చూడు, గోడలు తర్వాత చూసుకోవచ్చు. ఇంత తక్కువ మిగిలిందేంటని అడుగుతావేమో, 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు, ఊరికి మిగిలిన వైభవమూ దాంతోనే పోయింది.

నన్నడిగితే కోటకంటే ముందు డచ్చివాళ్ళ సమాధులకి వెళ్ళండి, అదీ పొద్దున్నే. రాతి మీద అక్షరాలు ఉబ్బెత్తుగా చెక్కి ఉంటాయి, వంశచిహ్నాలతో సహా. ఎండ ఏటవాలుగా పడితే ఒక్కో అక్షరం పక్కన సన్నటి నీడ తేలి చదవడానికి వీలవుతుంది, మధ్యాహ్నం అయితే అంతా బూడిదరంగు పలకే. కనబడటం లేదని సుద్దముక్కతో రుద్దకండి, నీళ్ళూ పోయకండి. పెంకుముక్క దొరికినా జేబులో వేసుకోవద్దు, రక్షిత కట్టడాల దగ్గర అది నేరం. (మీ ఫ్రెండు ఒకడు రాళ్ళు పోగేస్తాడుగా, వాడికి గట్టిగా చెప్పు.)

చెప్పులొద్దు, బూట్లు వేసుకోండి, ముళ్ళూ పాములూ ఉండే చోటు. వానాకాలం అయితే అసలు వద్దు, డిసెంబరు, జనవరి బాగుంటుంది.

మధ్యాహ్నం పెడనకి పోండి, 10 కిలోమీటర్లే. అక్కడ కరక్కాయ కషాయంలో ఊరేసిన గుడ్డ మీద చెక్క అచ్చులు కొడుతుంటారు, దగ్గరికెళ్తే ఆ వగరు వాసన ముక్కుకి తగులుతుంది. డచ్చివాళ్ళు సముద్రాలు దాటి వచ్చింది ఇలాంటి గుడ్డకోసమేరా! ఫొటో తీసే ముందు అడుగు, వాళ్ళు పనిలో ఉంటారు.

సోమవారం ఆఫీసుంది కాబట్టి తిరుగు బస్సు సీట్లు ఇప్పుడే బుక్ చేసుకో. పెద్దమ్మ బందరు లడ్డు కిలో తెమ్మంటోంది.

పెదనాన్న