ఫోటో పక్కన పెట్టి మనిషిని ఎదుట కూర్చోబెట్టాలి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఫోన్లో ఫోటోలు చూసి ముఖాలు అచ్చుగుద్దినట్టు గీస్తుంది. పాత యూరప్ చిత్రకారుల్లా తైలవర్ణాల్లో రూపచిత్రాలు వేయడమే వృత్తిగా పెట్టుకుంటానంటోంది. ఏ కోర్సులో చేర్పించాలి? బతుకుతెరువు ఉంటుందా? – ఒక తండ్రి, ఏలూరు

జవాబు: విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం బీఎఫ్ఏ (చిత్రకళలో డిగ్రీ) నడుపుతున్నాయి. బయటికి పంపగలిగితే బరోడా ఎంఎస్ విశ్వవిద్యాలయం, ముంబయి జేజే స్కూల్ ఉన్నాయి. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు చదివింది జేజేలోనే. డిగ్రీ తప్పకుండా చేయించండి. అయితే నాలుగేళ్లలో కళాచరిత్ర, ఆధునిక ధోరణులు, ఇతర మాధ్యమాలు అన్నీ నేర్పుతారు కాబట్టి రూపచిత్రానికి దొరికే సమయం తక్కువ. ఆ సాధన అమ్మాయి సొంతంగా చేసుకోవాల్సిందే.

అది ఇప్పుడే మొదలుపెట్టాలి, రంగులు కొనకుండానే. కెమెరా నీడలను నల్లటి ముద్దగా మార్చేస్తుంది. ఇంట్లో ఒకరిని కిటికీ పక్కన కూర్చోబెట్టి చూడమనండి: చెంప మీది వెలుగు దవడ దగ్గర నీడలోకి ఎంత నెమ్మదిగా జారుతుందో, ఆ నీడలోనూ తెల్లచొక్కా నుంచి తిరిగి వచ్చిన కాంతి ఎలా ఉంటుందో తెలుస్తుంది. కొన్ని నెలలు బొగ్గుతో ఇదే గీయాలి. పోలిక కుదిరేది కనురెప్పల వెంట్రుకల్లో కాదు, ఈ వెలుగునీడల కొలతలో.

తర్వాత అంబర్ (umber) అనే ముదురు గోధుమ మట్టిరంగు ఒక్కదానితో చిత్రాలు. ఆపైన తెలుపు, ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), వెర్మిలియన్ (ఎరుపు), ఐవరీ బ్లాక్ (నలుపు). స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జార్న్ పేరుమీద ప్రసిద్ధమైన ఈ నాలుగు రంగులు చర్మానికి చాలు. నలుపు తెలుపు కలిపిన బూడిదరంగు ఆ ఎరుపు పక్కన నీలంగా కనిపిస్తుంది! నూనె రంగు నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పీల్చి గట్టిపడుతుంది. నూనె ఎక్కువున్న పొర ఇంకా నెమ్మదిగా ఆరుతుంది. అందుకే కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ ఉండాలి. తారుమారైతే పగుళ్లొస్తాయి.

రూపచిత్రాల మీదే ఇల్లు గడవడానికి ఏళ్లు పడుతుంది, ఈ మాట దాచను. ఈలోపు డ్రాయింగ్ బోధన, యానిమేషన్, సినిమా కళావిభాగం ఆదుకుంటాయి. మనిషిని ఎదుట కూర్చోబెట్టి గీసే ఈ పద్ధతినే ప్రత్యేకంగా నేర్పే ఫ్లారెన్స్ అకాడమీ ఆఫ్ ఆర్ట్ 1991 నుంచి ఇటలీలో నడుస్తోంది. అది ఖర్చుతో కూడినది. డిగ్రీ పూర్తయ్యాక, మనుషులను చూసి గీసిన బొమ్మల సంపుటి చేతికొచ్చాక ఆలోచించండి. ఇప్పుడే అప్పు చేయవద్దు.