సమాధానం: మొక్కుకున్న 20 రకాతులు ఎలా చదవాలి?

బొబ్బిలి భాయ్, అస్సలాము అలైకుం. తమ్ముడికి ఉద్యోగం వస్తే 20 రకాతుల (నమాజులో ఒక్కో ఆవృత్తి ఒక రకాతు) నఫిల్, అంటే ఐచ్ఛిక నమాజు, చదువుతానని మొక్కుకున్నారు, ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు నియ్యత్ (నమాజుకు ముందు మనసులో చేసే సంకల్పం) ఏమని చెయ్యాలి అంటున్నారు కదా.

ముందు ఒకటి చూసుకోండి. ఆ మాట నోటితో అన్నారా, మనసులో అనుకున్నారా? అనుకుని ఊరుకుంటే అది నజర్ (మొక్కు) కాదు, ఇష్టముంటే చదవండి. "అల్లా కోసం చదువుతాను" అని పలికి ఉంటే మాత్రం మన హనఫీ పద్ధతిలో (సున్నీల ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) అది ఇక నఫిల్ కాదు, వాజిబ్, అంటే తప్పక చెయ్యాల్సింది.

తేడా నియ్యత్‌లోనే ఉంది. మామూలు నఫిల్‌కు నమాజు అనుకుంటే చాలు. దీనికి "నా నజర్ నమాజు" అని మనసులో ప్రత్యేకంగా ఉండాలి. అరబీ వాక్యం బట్టీ పట్టక్కర్లేదు, తెలుగులో అనుకున్నా నియ్యతే. ఒకే రాత్రి అని అనలేదు కాబట్టి రెండేసి రకాతులుగా నాలుగైదు రోజులు చదువుకోండి. ఫజర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత సూర్యోదయం దాకా, అసర్ (సాయంత్రం నమాజు) తర్వాత మగ్రిబ్ (సూర్యాస్తమయం నమాజు) దాకా వద్దు.

విజయనగరం బాబామెట్ట దర్గాకి వెళ్లే చదవాలా అన్నారు. అక్కర్లేదు, ఇంట్లో చదివినా తీరుతుంది. మొక్కు అల్లాకే సుమా, బాబాకి కాదు.

మాటల్లో ఉద్యోగం కాక ఇంకేదైనా షరతు పెట్టి ఉంటే మీ ఇమామ్ సాబ్‌కి అదే మాట చెప్పి అడగండి.