కొడుకు బేస్‌బాల్ కోసం ఇంటి మీద అప్పు తేవచ్చా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాది హెచ్-1బీ వీసా, ఇంట్లో నా ఒక్కడి జీతమే. మా అబ్బాయికి పదిహేనేళ్లు. బేస్‌బాల్‌లో ఏ పొజిషన్‌లో నిలబెట్టినా ఆడతాడు. ‘ఇంకో బెన్ జోబ్రిస్ట్ అవుతాడు, అకాడమీలో వెయ్యండి’ అంటున్నాడు కోచ్. జోబ్రిస్ట్ అంటే అలాగే చాలా పొజిషన్లలో ఆడి పేరు తెచ్చుకున్న ప్రొఫెషనల్ ఆటగాడు. అందుకని ఇంటి మీద 60,000 డాలర్ల హీలాక్ (ఇల్లు తాకట్టు పెట్టి, కావాల్సినప్పుడల్లా వాడుకునే అప్పు) తీసుకుందామనుకుంటున్నాం. నెల ఖర్చు 6,500, సేవింగ్స్ 9,000. బాబు కాలేజీ చదువు కోసం 529 అనే పొదుపు ఖాతాలో నెలనెలా కొంత వేస్తున్నాం.

జవాబు: ముందు ఆ 9,000 సంగతి చూద్దాం. రేపు లేఆఫ్ అయితే అది ఆరు వారాలకు సరిపోతుంది. హెచ్-1బీ మీద ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవడానికి మీకుండే గడువు మహా అయితే 60 రోజులు. జీతం ఆగినా హీలాక్ కిస్తీ ఆగదు, వడ్డీ పెరగొచ్చు, తాకట్టులో ఉన్నది ఇల్లు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఒకరిది టెన్నిస్, ఒకరిది స్విమ్మింగ్, అప్పు మాత్రం అందరిదీ ఇంటి మీదే!

జోబ్రిస్ట్ పేరెత్తారు కాబట్టి చెబుతున్నా. హైస్కూల్ అయ్యేనాటికి అతన్ని ఏ కాలేజీ టీమూ పిలవలేదు. పుట్టినరోజుకు వచ్చిన డబ్బులోంచి 50 డాలర్లు కట్టి ఒక ట్రైఔట్‌కు, అంటే కోచ్‌ల ముందు ఆడి చూపించే ఎంపికకు, వెళ్తే, ఒలివెట్ నజరీన్ అనే చిన్న కాలేజీ కోచ్ కంట్లో పడ్డాడు. ఆఖరి ఏడాది మీ పక్కనే డాలస్ బాప్టిస్ట్ యూనివర్సిటీలో ఆడాడు. ప్రొఫెషనల్ జట్లు కొత్తవాళ్లను ఎంచుకునే 2004 డ్రాఫ్ట్‌లో ఆరో రౌండ్‌లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు తీసుకుంది, 2006లో టాంపా బే జట్టు తరఫున అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లోకి వచ్చాడు. చికాగో కబ్స్ జట్టుతో నాలుగేళ్లకు 5.6 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరేసరికి అతనికి 34 ఏళ్లు. మరుసటి ఏడాదే మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు.

ఇదంతా పైకొచ్చినవాడి లెక్క. మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద, ట్రిపుల్-ఏలో, 2023లో పెంచాక వచ్చిన జీతం ఏడాదికి 35,800 డాలర్లు. అది మీ ఇంటి ఐదున్నర నెలల ఖర్చు.

ఎనిమిది నెలల ఖర్చు, అంటే 52,000, ఎక్కువ వడ్డీ ఇచ్చే హై-ఈల్డ్ సేవింగ్స్ ఖాతాలో చేరేదాకా అకాడమీ మాటెత్తొద్దు. ‘హీలాక్ తెరిచి ఉంచుతాం, వాడం లెండి’ అనీ అనొద్దు, వాడతారు. ఆఫీసు లైఫ్ ఇన్సూరెన్స్ మామూలుగా ఉద్యోగంతో పోయేదే, సొంతంగా టర్మ్ లైఫ్ పాలసీ తీసుకోండి. 529 ఆపకండి. బాబును స్కూల్ టీమ్‌లో ఆడనివ్వండి, వేసవి టోర్నమెంట్లకు జీతంలో మిగిలినంతే పెట్టండి.

అన్నట్టు, ఆ అకాడమీ ఎవరిది? కోచ్‌దేనా? ఉత్తరంలో ఆ సంగతి రాయలేదు.