వేలిముద్ర వేయించే ముందు

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను, యాప్ వీడియో కూడా చూశాను. గర్భిణి కింది కనురెప్ప కొంచెం లాగి ఫోన్‌తో ఫొటో తీస్తే రక్తహీనత ఉందో లేదో చెప్పేస్తుందట, బాగుంది. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి ఓపీ ముందు పొద్దున్నే ఆ క్యూలు చూసినదాన్ని, వద్దని ఎందుకంటాను? కాని యాప్ ఎంత బాగా పనిచేస్తుందో రెండు పేజీలు రాసి, మీ పరిశోధనకి ఆ ఆడవాళ్ల అనుమతి అడిగే సంగతి మాత్రం "కన్సెంట్ స్క్రీన్ పెట్టాం పెద్దమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, నాకు టెన్షన్ అక్కడే.

20 ఏళ్ల కిందట పెదజాలారిపేటలో ఓ సర్వేకి నేనే వేలిముద్రలు వేయించాను. ఫారం మొత్తం చదివి వినిపించాను కూడా. ఒకావిడ చేపల బుట్ట కిందకి దించి, తడి చెయ్యి చీరకి తుడుచుకుని, ముద్ర వేసి, "పింఛనీ ఏ నెల నుంచొస్తాదమ్మా?" అంది. ఆ రోజు పోగైన వాటిలో పింఛను ముద్రలెన్నో నాకిప్పటికీ తెలీదు. పైవాళ్లకి చెబితే "ముద్ర పడిందిగా, చాలు" అన్నారు. నేనూ ఊరుకున్నాను, తప్పే.

అందుకని "అంగీకరిస్తున్నాను" బటన్ని నమ్ముకోకు. చెప్పడం అయ్యాక "నేనేం చెప్పానో ఇప్పుడు నువ్వు చెప్పు తల్లీ" అని అడుగు. వద్దన్నా మాత్రలూ చెకప్పులూ ఆగవని అన్నిటికన్నా ముందు చెప్పు. చదువు రానివాళ్ల దగ్గర మీ టీముతో సంబంధం లేని, చదువొచ్చిన సాక్షి ఉండాలి, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో ఉన్నదే. ఆశా కార్యకర్తని సాక్షిగా పెట్టకు, ఫొటోలు తీసేది ఆవిడే కదా. పైగా రేపు కాన్పుకి వెంట వచ్చేది కూడా ఆవిడే కాబట్టి, ఆవిడ ముందు ఎవరూ వద్దనలేరు. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా ప్రాజెక్టు జరిగినప్పుడు చాలామంది ఆడపిల్లల ఫారాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. 2010లో ప్రాజెక్టు ఆగిపోయింది, విషయం పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది. టీకా మంచిదే కావచ్చు, అడగాల్సినవాళ్లని అడగలేదు, అదీ గొడవ.

ఇంకోటి, ఫొటోలు "తాత్కాలికంగా" వాట్సాప్ గ్రూపులో పెడుతున్నామన్నావు. ఆ పద్ధతి ఇవాళే మానేయండి. నీ వీడియోలోనే చూశాను, కనురెప్పతో పాటు సగం మొహం పడుతోంది, ముక్కుపుడకతో సహా. అది గ్యాలరీలో సేవ్ అవుతుంది, సాయంత్రం ఆ ఫోన్‌లోనే ఏఎన్‌ఎం గారబ్బాయి గేములాడతాడు. పాడేరు వైపు కూడా వెళ్తానన్నావు. అక్కడ చాలా ఇళ్లలో కువినో ఆదివాసీ ఒడియానో మాట్లాడతారు, నీ తెలుగు ఆడియో సరిపోదు. అక్కడ సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు కూడా ఉంది. ఆ మాట బయటికి పొక్కితే ఆ పిల్లకే కాదు, చెల్లెళ్లకీ సంబంధాలు రావు.

యాప్ "బాగుంది" అన్నా రక్తపరీక్ష ఆపొద్దు. హిమోగ్లోబిన్ 11 గ్రాముల లోపుంటే రక్తహీనతే, ఫోన్ ఏం చెప్పినా సరే. ఫలితం అదే రోజు ఆమె చేతికివ్వు, నీ పేపర్ అచ్చయ్యాక కాదు.

ఎథిక్స్ కమిటీకి ఇచ్చేముందు తెలుగు ఫారం నాకు పంపు. మా వీధికొచ్చే చేపలావిడకి చదివి వినిపిస్తాను. ఏమర్థమైందో ఆవిడ మాటల్లోనే రాసి పంపుతాను. రికార్డు చెయ్యను, ఆవిడ ఒప్పుకోదు.

పెద్దమ్మ